సీసపు కప్పు మీద డార్కస్ పాదం

థార్న్‌లీ హాల్ అనే పాత జమీందారీ బంగళాకున్న పదకొండు పొగగొట్టాల్లో నాలుగు నా చేతుల మీదుగా లేచినవే. దక్షిణపు కిటికీలలో నిలువు రాతి కమ్ములు పంతొమ్మిది నేనే చెక్కాను. ఊరిబడిలో నాలుగేళ్లు చదివిన రాతిపనివాణ్ణి. అయినా లండన్ ఇంజనీర్లు నా మాట విని కొలతలు మార్చుకున్నారు. అలాంటి నేను చెబుతున్నాను, సైలస్ హోబ్డే నాకంటే గొప్ప పనివాడు.

సైలస్ ఇంటి కప్పులకు సీసపు రేకులు పరిచేవాడు. మూడువందల యేళ్ల ఆ ఇంట్లో అతని హయాంలో ఒక్క చుక్క కారలేదు. ఆ పనివాళ్లు పని ముగిశాక రేకు మీద బూటు ఆనించి, చుట్టూ మేకుతో గీసి, పేరూ సంవత్సరమూ చెక్కుతారు. 1911లో సైలస్ తన బూటు గీయలేదు. ఆరేళ్ల కూతురు డార్కస్‌ని భుజాన ఎక్కించుకుని నిచ్చెనెక్కి, తూర్పు కప్పు మీద ఆమె బూటు గీశాడు. ఆ చలికాలమే కంఠసర్పితో పిల్ల పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. కప్పు చూసొస్తానన్న వంకతో ఏటా వెళ్లి ఆ గీత పక్కన కూర్చునేవాడు.

1954లో వారసులు ఇంటిని పడగొట్టేవాళ్లకు అమ్మేశారు. దించే పని చూడటానికి నన్నే పిలిచారు. ఆ ఇల్లు నాకంటే బాగా తెలిసినవాడు లేడు. సైలస్ కర్ర పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"ఏబెలూ, తూర్పు కప్పు జోలికెళ్లకు. సోమవారం నేనొచ్చి ఆ ముక్క కోసుకుంటా."

"నువ్వా? మా గుమ్మం ఎక్కడానికే పూట పట్టింది, నిచ్చెనెక్కుతావా?"

"దేక్కుంటూ ఎక్కుతా. నీకెందుకు, రాళ్లు కొట్టుకునేవాడివి!"

పడి చస్తాడని భయపడ్డాను. శనివారమే తూర్పు కప్పు దింపించాను. గీతలు చెరగకుండా పైముఖం లోపలికి పెట్టి రేకుల్ని చుట్టలు చుట్టడం ఆ పనివాళ్ల పద్ధతి, అలాగే చుట్టించాను. ఒకడు డార్కస్ బూటున్న చుట్ట మీద సుద్దతో గుర్తు పెట్టమంటావా అన్నాడు.

"ఈ ఇంట్లో ప్రతి రాయీ నాకు తెలుసు. గుర్తు నాకెందుకురా?" అన్నాను.

సోమవారం నేనూ సైలసూ వెళ్లేసరికి పచ్చికలో సీసం కరిగించే కొలిమి మండుతోంది. కూలీలు చుట్టలన్నీ ఒక్క కుప్పలో కలిపేశారు. ఏది ఏదో నాకు తెలియలేదు. సగం అప్పటికే కరిగిపోయాయి. కొలిమి దగ్గరి మేస్త్రీ మంచివాడు, మధ్యాహ్నం దాకా ఆగాడు. మిగిలినవన్నీ విప్పించాం. ఎవరెవరివో బూటు గీతలు కనిపించాయి. డార్కస్‌ది లేదు.

కరిగించి పోసి వరసగా పేర్చిన సీసపు దిమ్మెలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. సైలస్ ఒక్కొక్కదాని మీదా చెయ్యి వేసుకుంటూ నడిచాడు.

ఆ శీతాకాలం అతను మంచం పట్టాడు. చూడబోయి అన్నాను, "నీ సమాధిరాయి నేనే చెక్కుతాను. దానిమీద పిల్ల బూటు కూడా చెక్కనా?"

"ఆ బూటు కొలత ఎప్పుడైనా చూశావా?"

"లేదు."

"అయితే వద్దులే."

అతను పోయాక రాయి మీద అతని పేరొక్కటే చెక్కాను.