గ్లెన్‌గారీ టోపీలో తడి

దయ్యాల కథలు చెప్పేవాళ్ళని నేను దగ్గరికి రానిచ్చేవాణ్ణి కాదు. బాపట్లలో ఇంజనీరింగ్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు డ్రాయింగ్ చెప్పినవాణ్ణి. కొలతకి లొంగనిది లేదని పిల్లలకి చెప్పి చెప్పి నేనూ నమ్మాను. ఇది ఎవరినీ భయపెట్టడానికి రాయడం లేదు. నా మీద నాకున్న కోపం కొద్దీ రాస్తున్నాను.

రిటైరై తెనాలి వచ్చేశాక స్కాట్లండ్ పటాలాల పాత టోపీల పిచ్చి పట్టుకుంది నాకు. ఎవరైనా తెచ్చి చూపిస్తే ఏ కాలందో చెబుతాను. ముందు పక్కనుండే ఇత్తడి బిళ్ళ మీద కిరీటం చూడాలి. పైన గుండ్రంగా ఉబ్బి ఉంటే రాజుల కాలం. నడిమధ్య నొక్కుకుపోయి ఉంటే మొన్న పోయిన ఇంగ్లండు రాణి పట్టానికి వచ్చాకది, అంటే రెండో యుద్ధం ముగిసిన ఎన్నో ఏళ్ళకి. ఆ తరవాత అస్తరు, నుదుటికి తగిలే తోలుపట్టీ, దాని వెనక ముద్ర చూడాలి. కిరీటం దగ్గరే తేలిపోతే మాలాంటివాళ్ళం ఇక మిగతావి చూడం. అదొక పొగరు.

నిరుడు ఎండాకాలం రేపల్లె నుంచి ఒక రైసుమిల్లు ఆయన, ఇంట్లో ఉన్న పాత టోపీ చూడమని పిలిస్తే వెళ్ళాను. వాళ్ళ మేనత్త మాణిక్యమ్మ గారికి ఎనభై నాలుగేళ్ళు. ఆవిడ ఉయ్యాల్లో ఉండగా తండ్రి మిషను కుట్టుపని మీద ఒక స్కాట్లండ్ పటాలంతో బర్మా వైపు వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఆయనతో వెళ్ళినవాడొకడు వచ్చి ఈ టోపీ ఇచ్చి, మనిషి పోయాడన్నాడు. ఆయన అన్నదమ్ములు నమ్మలేదు. రంగూన్‌లో ఇంకో సంసారం పెట్టాడన్నారు.

అందుకని ఆ ఇంట్లో మహాలయ అమావాస్యకి పెద్దల పేర్లు చెప్పి స్వయంపాకం ఇచ్చేటప్పుడు ఆయన పేరు ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడకి కావలసింది అదొక్కటే. పుట్టింటివాళ్ళ నోట ఒక్కసారి నాన్న పేరు వినాలి. టోపీ యుద్ధకాలందని నేను చెబితే ఈ ఏడు ఆ పేరు చెబుతానని మేనల్లుడు మాటిచ్చాడట.

ట్రంకుపెట్టెలోంచి కర్పూరం వాసనతో బయటికి తీశారు. పడవ ఆకారం, వెనక రెండు రిబ్బన్లు, గ్లెన్‌గారీ అంటారు దాన్ని. భూతద్దం పెట్టాను. కిరీటం నొక్కుకుపోయి ఉంది.

“యుద్ధానిది కాదండి, తరవాతది” అన్నాను.

“ఆ బిళ్ళ సంగతి బాబూ, అసలది...” అని ఆవిడేదో చెప్పబోయారు.

“బిళ్ళే చెబుతుందమ్మా” అని మాట తుంచేశాను. నాలుగు గంటల బండి అందుకోవాలి మరి.

టోపీ తిరిగి ఇస్తుంటే తోలుపట్టీ వేళ్ళకి తడిగా, వెచ్చగా తగిలింది, ఎవరో అప్పుడే తలమీంచి తీసినట్టు. వేళ్ళకి ఊదారంగు అంటింది. గుడ్డ రంగు వెలిసిందనుకుని రుమాలుకి తుడుచుకున్నాను. ఆవిడ టోపీ అందుకుని మళ్ళీ ట్రంకుపెట్టెలో పెట్టేసుకున్నారు.

నెల తిరక్కుండానే ఆవిడ పోయారు. బాపట్లలో ఉండే వాళ్ళమ్మాయి టోపీ పట్టుకుని మా ఇంటికొచ్చింది.

“మీకే ఇవ్వమందండి అమ్మ. అసలు బిళ్ళ చిన్నప్పుడు నేనే ఆడుకుంటూ ఎక్కడో పారేశానండి. ఇది మా నాన్నగారు మద్రాసులో పాతసామాన్ల బజారులో కొనుక్కొచ్చి కుట్టించింది. ఆ రోజు మీకు చెప్పలేదాండి?”

టోపీ అందుకుని బల్ల మీద పెట్టాను.

ఆమె వెళ్ళగానే పట్టీ తడిమాను. నుదుటి దగ్గర బెత్తెడు మేర తడి. మూడు రోజులు ఎండలో పెట్టి ఇనప్పెట్టెలో దాచాను. పొద్దున తీస్తే మళ్ళీ తడి, చెమట వాసన. పక్కనున్న మిగతా టోపీలన్నీ పొడిగా ఉన్నాయి. డాక్టరు స్నేహితుడు ముట్టుకుని చూసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

అప్పటికి గానీ పట్టీ మడిచి చూడాలని తోచలేదు నాకు. వెనక ఇంగ్లీషు సర్కారు తన సరుకుకి వేసే బాణం ముద్ర, యుద్ధం నాటి సంవత్సరం. దాని కింద, తడిస్తే ఊదారంగు తేలే పాతకాలపు పెన్సిలుతో తెలుగులో ఒక పేరు. మాణిక్యమ్మ గారి తండ్రి పేరు, ఇంటిపేరుతో సహా. తడి సరిగ్గా ఆ అక్షరాల మీదే ఉంది.

మర్నాడే రేపల్లె వెళ్ళి మేనల్లుడికి చూపించాను, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆయన మర్యాదగానే విన్నాడు.

“అత్తయ్యే లేదు కదండీ మాస్టారూ. ఇంక ఎవరి కోసమండి?”

అమావాస్య నాడు నేనే బియ్యం, పప్పు, కూరలు కొని తెనాలిలో ఒక పురోహితుడికి ఆ పేరు చెప్పి ఇచ్చాను. ఆయన మీకేమవుతారండి అని అడిగాడు. ఏమీ కారన్నాను.

ఇంటికొచ్చి పట్టీ ముట్టుకుంటే తడిగానే ఉంది. ఇవాళా ఉంది. ఎక్కడిదో నాకు తెలీదు. చదువుకున్నవాళ్ళని అడిగాను, వాళ్ళకీ తెలీదు. తండ్రి మొహమే ఎరగని మనిషి ఆవిడ. ఆ మధ్యాహ్నం నేనొక్క నిమిషం ఆగి పట్టీ మడిచి ఉంటే, నాన్న చేత్తో రాసుకున్న పేరు ఆవిడ చదువుకునేవారు.