రేకు రైలు మీద మెరుపు

నా చిన్నప్పుడు మా ఆలూరులో రైలెక్కని పిల్లలు చాలామందే ఉండేవారు గానీ, రైలు చూడని పిల్లలు మాత్రం లేరు. ఆ రైలు మా పక్కింట్లోనే ఉన్న చాచా ఫోటో స్టూడియోలో ఉండేది. ఫోటోకు కూర్చోబెడితే ఏడ్చే పిల్లల కోసం ఆయన ఒక బల్ల మీద గుండ్రంగా పట్టాలు పరిచి, కీ తిప్పితే నడిచే రేకు రైలును పెట్టాడు.

పాడైన కెమెరాలను చాచా పారేసేవాడు కాదు. కెమెరాకు తగిలించే ఎర్ర, పచ్చ అద్దాలను అట్ట స్తంభానికి బిగించి, వెనక టార్చి బల్బులు పెట్టి సిగ్నల్ చేశాడు. కొండలు గీసిన తెర చాటున ఒక పాత ఫ్లాష్ దాచాడు. రైలు స్టేషన్లోకి రాగానే మీట నొక్కితే కొండల మీద తెల్లగా మెరుపు మెరిసేది. పిల్లలు ఏడుపు మరిచిపోయి నోరు తెరిచేవాళ్ళు, ఆయన ఫోటో తీసేసేవాడు. అందుకే మా ఊరి పిల్లల పాత ఫోటోల్లో అందరి నోళ్ళూ తెరిచే ఉంటాయి. నాదీ అంతే. వానలు మొహం చాటేసిన ఒక ఏడాది మేం చూసిన మెరుపు అదొక్కటే.

ఆ ఏడాదే మేత లేక మా నాయన దూడను అమ్మేశాడు. నేను పేరు పెట్టి, నీళ్ళు పట్టి పెంచుకున్న దూడ. నేను బడికి పోయిన వేళ చూసి తోలుకుపోయాడు. నాకసలే ముక్కు మీద కోపం. నెల రోజులు నాయనతో మాట్లాడలేదు. ఆయన పలకరిస్తే గోడ వైపు తిరిగేదాన్ని. ఒక పొద్దున, అన్నం తినమని బతిమాలిన మా నాయనమ్మ మీద విరుచుకుపడి కంచం తోసేశాను. జేజి మెతుకులు ఏరుతూ కళ్ళు తుడుచుకుంది. అది చూడలేక స్టూడియోకి పరుగెత్తాను.

మెరుపు సరిగా రావడం లేదని చాచా ఫ్లాష్ విప్పి కూర్చున్నాడు. సెల్లు తీసి పక్కన పెట్టి ఉన్నాయి. లోపల ఏముందోనని వేలు పెట్టబోతే చటుక్కున నా మణికట్టు పట్టుకున్నాడు. సెల్లు లేవు కదా అన్నాను. ఆయన రాత్రిళ్ళు వేసుకునే సున్నా బల్బు ఒకటి తెచ్చి, దానికి బిగించిన రెండు వైర్లనూ లోపల కరెంటు నింపి ఉంచే కండెన్సరుకు తాకించాడు. బల్బు ఒక్కసారి భగ్గుమని వెలిగి ఆరిపోయింది.

"సెల్లు తీసేసినా ఇందాక నింపింది లోపల్నే ఉంటాది బేటీ. తెలీక ఏలు పెట్టినోళ్ళను కొడతాది," అన్నాడు చాచా. ఫ్లాష్ మళ్ళీ బిగిస్తూ, నా వైపు చూడకుండానే, "మీ జేజి ఏం చేసింది పాపం?" అని అడిగాడు. గోడవతలకు అంతా వినపడిందన్నమాట. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చేసరికి నాయన వాకిట్లో మోకు పేనుతున్నాడు. తిట్టాలని నెల రోజులుగా కూడబెట్టుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. అవన్నీ పక్కన పెట్టి ఒక్కటే అడిగాను.

"దూడ యాడుండాది నాయనా?"

ఆయన చేతులు ఆగిపోయాయి.

"కాలువ కింద ఊర్లో ఉండాది పాపా. ఆడ పచ్చిగడ్డి శానా ఉండాది. రెండు తూర్లు పోయి సూసొచ్చినా. నువ్వడిగితే చెబుదామని ఉన్నా."

కాలువ కింది ఊళ్ళు మాకు చాలా దూరం; అంత దూరం ఆయన నడిచే పోయి ఉంటాడు. నెల రోజులుగా ఆ కబురు నా కోసం దాచి పెట్టుకుంటే, నేను గోడకేసి తిరిగి కూర్చున్నాను. ఆయన పక్కన కూలబడి ఏడ్చాను. ఆ రాత్రి జేజి చేతి ముద్దలే తిన్నాను.

చాచా లేడు, ఆ రైలూ లేదు. ఆయనకు ఎంత రుణపడ్డానో చెప్పనేలేదు. నాకు మనవళ్ళొచ్చినా కోపం మాత్రం ముక్కు మీదే ఉంది. అది వచ్చినప్పుడల్లా నోటికొచ్చిన మాట ఆపుకుని, ఎదుటివాళ్ళను ఒక చిన్న ప్రశ్న అడుగుతాను. అదే నా సున్నా బల్బు. కోపం రాకుండా ఆగుతుందని అనను గానీ, లోపల నిండింది ఎవరి చెయ్యీ కాలకుండా, కాస్త వెలుతురిచ్చి పోతుంది.