సీజ్ చేసిన మిరపనారు

నాలుగేళ్ళ కిందట ఆగస్టు నెలలో, బళ్ళారి నుంచి ఆంధ్ర వైపు పోయే ఒక దారిలో ఇసుక తనిఖీ కేంద్రానికి నన్ను డెప్యుటేషన్ మీద వేశారు. అప్పటికి నేను రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ని. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళుంది. నా కింద బసవరాజు అనే గ్రామ లెక్కాధికారి, ఒక హోంగార్డు. నా పైన తహసీల్దారు, ఆయన పైన అసిస్టెంట్ కమిషనర్. పర్మిట్ లేకుండా ఇసుక తోలే బండ్లను పట్టుకోవడం మా పని.

పట్టుకోవడం అంటే బయటివాళ్ళకు ఒకటే మాట, సీజ్. మా కాగితాల్లో మాత్రం అది మెట్లు మెట్లుగా ఉంటుంది. బండి ‘ఆపితిమి’ అని రాస్తే విచారించి వదిలేయవచ్చు. ‘స్వాధీనపరచుకొంటిమి’ అని రాస్తే మహజరు తయారుచేయాలి. మహజరు అంటే ఇద్దరు సాక్షుల ఎదుట ఏ వస్తువు, ఎంత, ఏ స్థితిలో దొరికిందో రాసి సంతకాలు తీసుకునే పత్రం. ‘జప్తు’ పైవాళ్ళ ఉత్తర్వు. ‘ముట్టుగోలు’ పడితే వస్తువు సర్కారుదే, ఇక తిరిగి రాదు. వీటిలో మొదటి రెండు మెట్లే నా చేతిలో ఉండేవి. రెండో మెట్టు ఎక్కాక దిగే అధికారం నాకు లేదని సర్వీసు మొదటి నుంచీ తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు.

నేను చెప్పబోయే సంగతికి ముందువారం పశుగ్రాసం మోపుల కింద ఇసుక దాచి ఎవడో నా ముందు నుంచే దర్జాగా పోయాడు. దానికి నాకు మెమో వచ్చింది. ముప్ఫయ్యేళ్ళ నౌకరీలో అది మొదటి మెమో. కడుపు మండిపోయింది. ఆ రోజు నుంచి నేనే ఇనుప చువ్వ పట్టుకుని నిలబడి, పూల గంపలు పోయినా పొడిచి చూసేవాణ్ణి.

ఒక బుధవారం పొద్దున ట్రాక్టరు వచ్చింది. ట్రాలీ నిండా ప్లాస్టిక్ ట్రేలు, వాటిలో మిరపనారు. తోలేవాడు ఓబులేసు. నారు యజమానురాలు ఈరమ్మ ట్రేల పక్కనే కూర్చుని ఉంది. కురుగోడు దగ్గర రెండెకరాలు గుత్తకు తీసుకుని చేసుకుంటోంది. ఆంధ్రలోని నర్సరీ నుంచి నారు తెచ్చుకుంటోంది. నేను చువ్వ దించాను. అడుగున ఇసుక తగిలింది. నాకు కలిగిన ఆనందం ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

“ట్రేలు కదలకుండా, కింద సల్లగా ఉంటాదని తడి ఇసుక పోసినామప్పా సార్. జానెడు గూడా లేదు, సూడు” అంది ఈరమ్మ. నేను చూడలేదు. ఇసుక ఇసుకే అన్నాను. మహజరు ఫారం తీసి ‘స్వాధీనపరచుకొంటిమి’ అని రాశాను.

ఫారంలో పరిమాణం రాసే గడికి రెండే కొలతలు, టన్నులు, ఘనపు మీటర్లు. మిరపనారును ఘనపు మీటర్లలో ఎట్లా రాయాలని బసవరాజు అడిగాడు. పొడవు, వెడల్పు, ఎత్తు కొలవమన్నాను. వాడు టేపు పెట్టి నారు ఎత్తు కొలుస్తుంటే ఓబులేసు తలపాగా మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. టీ కొట్టతనూ, పంక్చర్ల షాపతనూ సాక్షి సంతకాలు చేశారు. బండిని తెచ్చి మా కార్యాలయం ఆవరణలో నిలబెట్టాము.

అప్పుడు చెప్పింది ఈరమ్మ అసలు సంగతి. శనివారం పొద్దున ఆమె చేనికి కాలువ నీటి వంతు. ఆ తడిలో నాటకపోతే మళ్ళీ వంతు పదిహేను రోజులకు. అంతవరకు నారు ట్రేలలో బతకదు, నర్సరీలో ఇంకో నారు లేదు. “ఈ కారు పంట పోతే గుత్త చేను గూడా పోతాది సార్” అని, ఏడవకుండా, మామూలుగానే చెప్పింది. అందుకే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

తహసీల్దారుకు ఫోను చేశాను. మహజరు అయిందా అని అడిగారు. అయింది సార్ అన్నాను. అయితే నీ చేతిలో లేదు, నా చేతిలో లేదు, అసిస్టెంట్ కమిషనర్‌గారు ట్రైనింగు నుంచి సోమవారం వస్తారు, అంతవరకు మాలును యథాస్థితిలో ఉంచు అన్నారు. ఎండలో నారును యథాస్థితిలో ఉంచడం ఎట్లాగో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

మధ్యాహ్నానికి ఆకులు వాలిపోయాయి. నీళ్ళు చల్లితే నారు బతుకుతుంది, కానీ అడుగున ఉన్న ఇసుక ట్రాలీ సందుల్లోంచి కారిపోతుంది. కేసంతా ఆ ఇసుక మీదే నిలబడి ఉంది. నీళ్ళు పోస్తే ఒక సాక్ష్యం పోతుంది, పోయకపోతే ఇంకొకటి పోతుంది. చివరికి బసవరాజు ట్రాలీ కింద పడుకుని సందులకు గోనెపట్టాలు కట్టాడు. ఈరమ్మ చెంబుతో చిలకరించింది. సీజ్ చేసిన మాలును యజమాని ముట్టరాదు కాబట్టి ఆమె చెంబు పట్టుకున్న చేతిని తను పట్టుకుని నిలబడాలా అని హోంగార్డు నిజంగానే అడిగాడు. వాణ్ణి తిట్టాను గానీ, నియమం ప్రకారం వాడి ప్రశ్నలో తప్పు లేదు.

గురువారం నాడు, జెండా పండుగకని తెచ్చి ఉంచిన షామియానాను ట్రాలీ మీద కట్టించాను. పని మీద వచ్చినవాళ్ళు ఎవరిదప్పా పెళ్ళి అని అడిగి పోయారు.

ఆ సాయంత్రం పాత సర్క్యులర్లు తిరగేస్తుంటే దారి దొరికింది. పాడైపోయే మాలును పట్టుకున్న అధికారి తన బాధ్యత మీద ‘సుపర్దు’కు ఇవ్వవచ్చు. అంటే భద్రంగా ఉంచి, అడిగినప్పుడు చూపించే షరతు మీద ఒకరికి అప్పగించడం. నారు భద్రంగా ఉండే చోటు నేల ఒక్కటే. కాబట్టి ఈరమ్మకే సుపర్దు ఇస్తూ పత్రం రాశాను. సదరు నారును మట్టిలో సజీవంగా ఉంచవలెను, అనుమతి లేనిదే ఒక్క మొక్కను, దాని భాగమును కదిలించరాదు, అమ్మరాదు. గట్టిగా చదివి వినిపించి వేలిముద్ర వేయించాను. ఇసుకను ఎత్తితే రెండు తట్టలు వచ్చింది. దాన్ని స్టోర్ రూములో పెట్టి తాళం వేశాను.

శనివారం కాలువ నీళ్ళు వచ్చాయి. ట్రాక్టరు ఇంకా మా ఆవరణలోనే ఉంది కాబట్టి ట్రేలు ఇంకో బండిలో చేనికి చేరాయి. కూలీలు సాళ్ళలో నాటుతుంటే మాలుకు బాధ్యుణ్ణి కాబట్టి నేను గట్టు మీద నిలబడ్డాను. బసవరాజు సాళ్ళు లెక్కపెట్టాడు. చేని మూల ‘ప్రభుత్వ స్వాధీనంలో ఉన్న మాలు’ అని బోర్డు పాతాము. పక్క చేనాయన సైకిలు దిగి మరీ చదివి, “మిరప సెట్టు ఏం తప్పు సేసిందిప్పా?” అన్నాడు.

సోమవారం అసిస్టెంట్ కమిషనర్‌గారు రెండు తట్టల ఇసుక చూసి, నన్ను చూసి, ట్రాక్టరు మీద కేసు మూసేశారు. నారు విడుదలకు విడిగా ఉత్తర్వు కావాలన్నాను. నారుకు ఉత్తర్వు నమూనా ఏదీ లేదు, పైకి రాసి అడుగుతామన్నారు. ఫైలు పోయింది. నేను డెప్యుటేషన్ ముగిసి పాత చోటికి వెళ్ళి, దాన్ని మరిచిపోయాను. ఇదీ నా రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది.

జనవరిలో ఈరమ్మ బళ్ళారి సత్యనారాయణపేటలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కాఫీ తాగమంటే వద్దంది.

“కాయ పండి రాల్తాండాది సార్. తెంపొచ్చునా?”

తెంపకుండా ఎందుకున్నావమ్మా అన్నాను.

“నువ్వే కదప్పా కదిలించొద్దని సదివితివి. ఏలిముద్ర ఏసినా కదా. మూడుతూర్లు మీ ఆఫీసుకు పోతి. ఆ సార్ లేడు, ఫైలు యాడుండాదో తెలీదు అంటారు. తెంపితే జైలంట, ఓబులేసు సెప్పినాడు.”

తోటంతా ఎర్రబడి పదిహేను రోజులైందట. కిందివి రాలి, ముక్కిపోతున్నాయి. ఆమె రోజూ వెళ్ళి గట్టు మీద కూర్చుని చూసి వస్తోంది. నా సంతకం అంత బాగా పనిచేసింది.

వెంటనే బైకు మీద కురుగోడు పోయాను. బోర్డు నేనే పెరికాను. చేని గట్టు మీదనే కాగితం పెట్టుకుని ఇట్లా రాశాను: సుపర్దుకు ఇచ్చిన నారు మొక్కలుగా మారి కాపు కాసినందున, మహజరులో వర్ణించిన మాలు ప్రస్తుతం ఉనికిలో లేదు, కోతకు నా బాధ్యత మీద అనుమతించడమైనది. ఆ మధ్యాహ్నమే కూలీలు చేనిలో దిగారు. నాలుగో వంతు కాయ అప్పటికే పోయింది. అది నా వల్ల పోయింది.

అధికారం లేకుండా మాలు విడుదల చేసినందుకు నాకు రెండో మెమో వచ్చింది. జవాబు ఒక్క వాక్యం రాశాను, తప్పు ఒప్పుకుంటూ. ఆ తరువాత మిగిలిన సర్వీసులో బండి ఆపిన ప్రతిసారీ, పెన్ను తీయకముందు నన్ను నేను ఒకటే అడిగేవాణ్ణి: దీన్ని వదిలే అధికారం ఎవరిది, ఆయన ఇవాళ ఊళ్ళో ఉన్నాడా? జవాబు తెలియని రోజుల్లో ‘ఆపితిమి’ దగ్గరే ఆగాను.