శౌరమ్మ వేళ్ళు, నతానియేలు డ్రైవరు

చల్లపల్లిలో కంప్యూటర్ సెంటరు నడిపే నతానియేలుకు రెండు అలవాట్లు. పాడైన వస్తువు పారేయడు. దేన్ని ఎందులో బిగించాడో గుర్తుపెట్టుకోడు. మొదటిదానికి ఊరంతా మెచ్చుకుంటుంది, రెండోదానికి మేం బలవుతుంటాం.

మొన్న బలైంది శౌరమ్మగారు. ముప్ఫై ఏళ్ళుగా రొయ్యల షెడ్డులో పెంకులు ఒలుస్తున్న మనిషి. చనిపోయిన భర్త పెన్షను ఆగకూడదంటే, తాను బతికే ఉన్నానని ఆ రోజు సాయంత్రం ఐదులోపు వేలిముద్ర వేయాలి. జిరాక్సుల కోసం వచ్చి నేనూ బెంచీ మీద కూర్చున్నాను.

ఆమె వేలు పెట్టింది. వేలిముద్రల మిషను ఉలకలేదు, పలకలేదు.

"పనిచేసిన వేళ్ళు గదండీ, ముద్రలు అరిగిపోయుంటాయి," అన్నాడు నతానియేలు. సబ్బుతో కడిగించాడు. నిమ్మచెక్కతో రుద్దించాడు. పెంకులు గీరుకున్న చోటల్లా భగ్గుమని ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ముద్రలు లేకపోతే ఇంక నేను లేనట్టేనా బాబూ?"

నాకు ఒళ్ళు మండింది. "అసలు లైటే వెలగని మిషనుకి వేళ్ళేం చేస్తాయయ్యా!"

అప్పుడు చూశాడు స్క్రీను వైపు. 'తెలియని పరికరం' అని ఉంది. ముందురోజే కంప్యూటరు ఫార్మాట్ చేశాడు. దాంతో మిషనును నడిపించే డ్రైవరు ప్రోగ్రాము కూడా పోయింది. మిషను పైకవరు మీది కంపెనీ పేరు చూసి ఆ డ్రైవరే ఎక్కించాడు. మళ్ళీ తెలియని పరికరమే. తీసి మళ్ళీ ఎక్కించాడు. అంతే. "పేరదే, డ్రైవరదే! ఎందుకు పట్టదండీ?" అని నన్నడిగాడు. నాకేం తెలుసు?

నాలుగున్నరకి విజయవాడ వన్ టౌన్‌లో రిపేర్లు చేసే స్నేహితుడు సూర్యప్రకాష్‌కి ఫోన్ కొట్టి స్పీకరులో పెట్టాడు.

"పైపేరు నువ్వు చూస్తావు, కంప్యూటరు చూడదురా. వైరు గుచ్చగానే మిషనే తన నంబర్లు చెబుద్ది, కంపెనీదొకటి, మోడల్‌దొకటి. ఆ నంబర్లు ఏ డ్రైవరు జాబితాలో ఉంటే దాన్నే అది పట్టుకుంటుంది. స్క్రీను మీద దాని ప్రాపర్టీస్ తెరిస్తే ఉంటాయి, చదువు."

చదివాడు.

"అది వేరే కంపెనీదిరా!" అని అరిచాడు సూర్యప్రకాష్.

నతానియేలు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. వానాకాలంలో ఒక మిషను కింద పడి కవరు పగిలితే, లోపలి బోర్డు తీసి ఈ పాత కవరులో బిగించింది తనే.

సరైన డ్రైవరు ఎక్కించగానే ఎర్రలైటు వెలిగింది. శౌరమ్మగారి బొటనవేలిని మొదటిసారికే తీసుకుంది. ఐదుకి ఇంకా పది నిమిషాలున్నాయి.

"తప్పు మీ వేళ్ళది కాదండీ, నాది," అన్నాడు తల దించుకుని.

ఆమె చేతిని ఊదుకుంటూ లేచింది. "సరే బాబూ. మరి ఈ మంటతో రాత్రికి అన్నం ఎట్టా కలుపుకోను?"