తూర్పు గోడ మీది బొమ్మ

మా ఖాలా పోయింది. మా అమ్మకు చెల్లెలు, వన్‌టౌన్‌లో ఆడపిల్లల బడికి డ్రాయింగ్ టీచరు. శుక్రవారం జ్వరమని పడుకున్న మనిషి ఆదివారానికి లేదు. ఇది రాస్తూ ఎన్నిసార్లు లేచి వాకిట్లోకి వెళ్లొచ్చానో! కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

పరదా కట్టిన రిక్షాలో బడికి వెళ్లేది. క్లాసులో బురఖా విప్పి కుర్చీకి తగిలించేది. గుడ్డ కనబడకపోతే కుంచె దాని లోపలి వైపుకే తుడిచేది. పైన నలుపు, లోపలంతా పసుపూ నీలమూ మరకలు. ‘‘లోపల ఎవరు చూస్తారే’’ అని నవ్వేది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది బెజవాడలో చిత్రాల ప్రదర్శన పెడుతూ ఒకాయన ఇంటికొచ్చాడు. ‘‘బురఖాలోంచి కన్నీళ్లు పెట్టుకునే కళ్లు వెయ్యండి మేడమ్, జనం ఆగి చూస్తారు’’ అన్నాడు. ఖాలాకు ఒళ్లు మండింది. ‘‘మా అమ్మకి ఏడవడానికి తీరికెక్కడిదండీ? పొయ్యి మీద పులుసుంది’’ అని పంపేసింది. ఆ కోపంలోనే మా నానీని, అంటే మా అమ్మమ్మని, బొమ్మగా వేసింది. తలంటుకుని జుట్టు విరబోసుకుని, దండెం కింద నిలబడి ఎవరినో కేకలేస్తున్న నానీ.

‘‘అమ్మో అమ్మో! నా జుట్టు ఊరంతా చూడాలా?’’ అని నానీ గోల పెట్టింది. బొమ్మ ప్రదర్శనకు వెళ్లలేదు. నానీ అసలు భయం వేరు. ‘‘బొమ్మలు వేసినవాళ్లని ఖయామత్ రోజున, అల్లా అందరి లెక్కా అడిగేటప్పుడు, వాటికి ప్రాణం పొయ్యమంటాడే. అప్పుడేం చేస్తావు?’’

‘‘నాకు రాదని ఒప్పేసుకుంటానమ్మీ. ఆయన పోసిన ప్రాణాన్నే చూసి గీశానంటాను.’’

మాది ఒకటే గది. నమాజు పడమటి వైపు తిరిగి చేస్తాం కాబట్టి, కంటికి ఎదురు పడకుండా బొమ్మను తూర్పు గోడకు తగిలించారు. అలా రాజీ పడ్డారు తల్లీ కూతుళ్లు.

ఖాలాను మట్టి చేసి వచ్చిన సాయంత్రం మా మామూ, ఖాలాకు అన్న, ఆ బొమ్మను దించాడు. ‘‘ఇది ఇంట్లో ఉన్నన్నాళ్లూ పాపం దాని మెడకే చుట్టుకుంటుందమ్మీ. బందరు కాలవలో వదిలేసి వస్తా’’ అన్నాడు. చెల్లెలంటే ప్రాణం ఆయనకు, అందుకే ఆ భయం. వద్దనడానికి నేనెవరిని? నిజంగానే ఖాలాను ఆ బొమ్మకు ప్రాణం పొయ్యమని అడిగితే?

నానీ మాత్రం, ‘‘ఎక్కడిది అక్కడ పెట్టరా’’ అంది. మామూ గునుస్తూనే పెట్టాడు.

చీకటి పడే వేళ నానీ నమాజుకు కూర్చుంది. చివర కుడి భుజం వైపు సలాం చెప్పింది, ఎడమ భుజం వైపు చెప్పింది. లేస్తుందనుకున్నాను. చాప మీదే మెల్లగా వెనక్కి తిరిగి, గోడ మీది బొమ్మకేసి చూస్తూ కూతురితో అంది:

‘‘అడిగితే నా మీద పెట్టెయ్యవే. మా అమ్మే వెయ్యమందని చెప్పు.’’