సునీత లేవలేదు

డాక్టర్లు వస్తే నర్సులు పని ఆపి లేవనక్కర్లేదని మా రాయపూర్ సర్కారు ఆసుపత్రిలో పోయిన నెలే ఆర్డరొచ్చింది. అయినా ఈ పొద్దున సర్జన్‌ను చూడగానే వార్డు ఇన్‌చార్జి నర్సునైన నేనే లేచి నిలబడ్డాను. భన్‌పురి ఫ్యాక్టరీలో చెయ్యి నలిగినతని గాయాన్ని అదిమిపట్టి కూర్చున్న సునీత మాత్రం లేవలేదు.

"ఖడీ హో!" లేచి నిలబడమని అరుస్తూ సర్జన్ స్టీలు ట్రే విసిరాడు. సునీత నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారింది. అయినా గాయం మీది చెయ్యి తీయలేదు.

పరుగెత్తుకెళ్లి నేను మొట్టమొదట అడిగిన మాట: "లేస్తే నీ సొమ్మేం పోయిందే?"

"లేస్తే ఈయన రక్తం బంద్ అవుద్దా సిస్టర్?"

కంప్లైంటులో రెండు పేర్లు రాశాను. ట్రే విసిరినాయనది, ఆ మాటన్న నాది.

మీ ఆఫీసులో ఎవర్ని చూస్తే మీ కాళ్లు వాటంతటవే లేచి నిలబడతాయి?