నా మడికి అగ్గి పెట్టొద్దు

బాతుల కోసం మడి కాల్చకుండా ఆపిన పిచ్చిది ఎవరంటే సిరిగేరిలో ఎవరైనా నా ఇల్లు చూపిస్తారు. చూపించనీ.

మా మడి కాలువకు చివర ఉంది. దాని ఒక మూల వంకర. కోత మిషన్ అక్కడ ఒక్కసారిగా తిరగలేక ముందుకూ వెనక్కూ పోయి తంటాలు పడుతుంది. ఆ తంటాలలో వడ్లు బాగా రాలిపోతాయి. పక్క మడి మా బావది, అంటే మా ఆయన వాళ్ళ అన్నయ్యది. ఆ మూల చూసినప్పుడల్లా బావ నెత్తి కొట్టుకునేవాడు. మొదట్లో నేనూ చీపురు పట్టుకెళ్ళి ఆ వడ్లు ఊడ్చుకొచ్చేదాన్ని.

ఒక చలికాలం పొద్దున అలాగే వెళితే, ఆ మూలలో ఒక బాతు మేస్తోంది. ఇళ్ళలో పెంచే రకం కాదు. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి తల, తల వెనక రెండు నల్ల గీతలు. అవి హిమాలయాలు దాటి వస్తాయని తర్వాత తెలిసింది. దాని మెడకు ఒక పట్టీ ఉంది, ఏ దేశంలోనో ఎవరో గుర్తు కోసం వేసినట్టు. నన్ను చూసి ఎగిరిపోలేదు. ఒకసారి తల ఎత్తి చూసి మళ్ళీ తిండిలో పడింది. ఆ పొగరు నాకు నచ్చింది. ఊడ్వకుండానే ఇంటికి వచ్చేశాను.

మరుసటి ఏడు అదే బాతు ఒక మందను వెంటబెట్టుకుని వచ్చింది. పగలు తుంగభద్ర ఇసుక తిన్నెల మీద ఉండి, తెల్లవారకముందే మడికి వచ్చేవి. కుర్ర బాతులు ఎక్కడ పడితే అక్కడ దిగి, పొడిచి చూసి, ఏమీ దొరక్క మళ్ళీ లేచేవి. పట్టీ బాతు మాత్రం నేరుగా మిషన్ తిరిగిన మూలకే దిగేది. దాన్ని చూసి అవీ అక్కడికే చేరేవి. రెండో పంటకు నీళ్ళు లేవన్న ఏడు మడులన్నీ బీడుగా ఉంటే, బాతులు చలి పోయేదాకా కదిలేవి కావు. నీళ్ళు వదిలిన ఏడు అందరూ నాట్ల కోసం కోత మిగిల్చిన కొయ్యకాళ్ళు కాల్చేస్తే, మా మడిలో ఉన్నది తినేసి ఇంకా దక్షిణానికి వెళ్ళిపోయేవి. అవి వెళ్ళాకే మేం కాల్చేవాళ్ళం. బెంగళూరు పనులకు పోయే మా ఊరివాళ్ళు కూడా ఆ బాతుల్లాగే. ముందు వెళ్ళినవాడికి కూడు ఎక్కడ దొరికిందో అక్కడే దిగుతారు.

పోయిన చలికాలం బాతులు ఆలస్యం చేశాయి. బావ అగ్గిపెట్టె పట్టుకుని గట్టు మీదకు వచ్చాడు.

"ఏమ్మా, నీ మడి ఒక్కటే మిగిలుండాది. కాలువకు నీళ్ళు ఇడుస్తాండారంట. అంటిస్తా."

"బాతులు ఇంకా రాలేదు బావా."

"బాతులేంది, నీ పుట్టింటోళ్ళా? నాట్లు ఎనకబడితే చివరి మడికి నీళ్ళు యాడినుంచి వస్తాయి?"

ఆయన చెప్పింది నిజమే. పంట పోవచ్చు. అయినా నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు ఆ మడిలో నడుము వంచింది నేను. అందులో ఎవరు తినాలో చెప్పే హక్కు నాకు లేదా?

"నా మడికి అగ్గి పెట్టొద్దు. సుమ్నె ఉండు బావా, ఊరికే ఉండు," అన్నాను.

ఆయన తన మడికి అంటించుకున్నాడు. గాలి తిరిగి మంట మా గట్టు దాకా వచ్చింది. కాలువ గుంటలో గోనెసంచి తడిపి మంటను బాదడం మొదలుపెట్టాను. అప్పటిదాకా సణుగుతూ నిలబడిన మా ఆయన ఇంకో సంచి అందుకున్నాడు. "నీ పిచ్చి నాకూ అంటిస్తాండావు గదే," అంటూనే బాదాడు. మడి నిలిచింది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే గట్టు మీద కూర్చునేదాన్ని. బావ చూసి నవ్వుకునేవాడు. చివరికి ఒకరోజు మంద వచ్చింది. నల్లబడ్డ మడుల మీద చుట్లు కొట్టింది. కొన్ని మసిలో దిగి మళ్ళీ లేచాయి. నేను ఒక్కొక్క మెడా వెతికాను. పట్టీ ఎక్కడా లేదు. ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

అంతలో మంద మధ్యనుంచి ఒక బాతు విడిపోయి నేరుగా మా వంకర మూలకు దిగింది. దాని మెడకు ఏమీ లేదు. మిగతావన్నీ దాని వెనకే దిగాయి.

బావ దగ్గరకు వచ్చాడు. "నీ పట్టీది రాలేదు గదమ్మా. ఇంగ కాల్చేద్దామా?"

"అది తోవ చూపించినవి వచ్చుండాయి బావా. తిననీ."

నాట్లు వెనకబడ్డాయి. నీళ్ళు చాలక ఒక పక్క పైరు ఎండింది. బావ దాన్ని వచ్చేపోయేవాళ్ళకు చూపించాడు. నేను పట్టించుకోలేదు. మొన్న కోత మిషన్ అతను వచ్చి, జేసీబీని పిలిస్తే అరపూటలో ఆ మూల సరిచేస్తుందని, గింజ రాలదని చెప్పాడు. మా ఆయన నా మొహం చూశాడు.

ఆ మూల వంకరగానే ఉంటుందని చెప్పాను.